పై వరస రుమాలు

ఆ పాతకాలపు రాతి రంగస్థలంలో మైకులు పెట్టరు. వేదిక చుట్టూ అర్ధచంద్రంలా, మెట్లుమెట్లుగా పైకి లేచిన అరుగులే గొంతును మోసుకుపోతాయని ఊరివాళ్ళ నమ్మకం. నమ్మకం ఎంత ఉన్నా, పై వరసలో ఒక మనిషిని కూర్చోబెట్టడం మాత్రం మానరు. కింద పాడేది వినబడితే ఆ మనిషి తెల్ల రుమాలు ఎత్తి చూపాలి. వినబడకపోతే ఒళ్ళో ఉంచుకోవాలి. పాడేవాళ్ళు దాన్ని చూసుకుని గొంతు పెంచుకుంటారు.

ఏటా వేసవిలో ఆడే ఆ సంగీత నాటకానికి రుమాలు పట్టేది టీచరమ్మ. కథానాయికగా పాడేది ఆమె చెల్లెలు. మొన్న చలికాలంలో చెల్లెలు జబ్బుచేసి పోయింది. ఆ వేషం మందుల షాపులో పనిచేసే అమ్మాయికి వచ్చింది. నీలం గౌను కూడా చెల్లెలిదే. అంచు మడిచి కుట్టి ఇచ్చింది టీచరమ్మే. కుడుతున్నప్పుడు ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. దారం తెంపి, గౌను మడతపెట్టి, వెళ్ళి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంది.

ఈ ఏడు రుమాలు ఇంకెవరికైనా ఇస్తానని దర్శకుడు మొహమాటంగా అన్నాడు. ఇంట్లో కూర్చుని మాత్రం చేసేదేముంది అంది ఆమె. నాటకం రోజు జనం రాకముందు ఆ అమ్మాయి వేదిక మధ్య నిలబడి ఒక్కో పాటలోంచి ఒక్కో చరణం పాడింది. ప్రతిదానికీ టీచరమ్మ రుమాలు ఎత్తింది.

ఎండ మెత్తబడేసరికి అరుగులు నిండాయి. రాళ్ళు ఇంకా కాలుతున్నాయి. టీచరమ్మ పక్కన ఒక ముసలి జంట సర్దుకుని కూర్చుంది. మందుల షాపు అమ్మాయికి అమ్మమ్మా తాతయ్యానట. ఈ నాటకం ఎప్పుడూ చూడలేదట. పిల్లకు నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదనీ, ఇవాళ నవ్వులపాలైతే ఇక జన్మలో వేదిక ఎక్కనంటోందనీ పెద్దావిడ అడక్కుండానే చెప్పింది.

నాటకం మొదలైంది. రేవులో పడవకోసం ఎదురుచూసే పిల్ల పాట వచ్చింది. టీచరమ్మ రుమాలు ఎత్తింది.

పెద్దాయన భార్య వైపు వంగాడు. "నోరైతే ఆడుతోంది. గొంతేదే?"

"మీ చెవులకి తుప్పు పట్టింది."

"రోజంతా నీ సణుగుడు వినబడుతూనే ఉందిగా."

ఆవిడ మెడ ముందుకు చాచింది. ఆవిడకీ వినబడడం లేదు. వాళ్ళ ముందున్న వరసలో ఎవరో చెవి దగ్గర అరచెయ్యి దొప్పలా పెట్టుకున్నారు.

టీచరమ్మకు మాత్రం పాట మాటమాటా వినబడుతోంది. చెల్లెలు గిన్నెలు తోముతూ సాధన చేసిన పాట అది. మాట తప్పినప్పుడల్లా పక్కగదిలోంచి అందించింది తనే. ఇందాకటినుంచి తను వింటున్నది ఎవరి గొంతో అప్పుడు తెలిసింది. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు. పక్కింటివాళ్ళ సంగతేదో చెవిన పడ్డట్టుంది.

కింద ఆ పిల్ల తలెత్తి చూసింది. రుమాలు పైనే ఉంది. ధీమాగా అదే గొంతుతో పాడుకుపోతోంది.

రుమాలు ఎత్తి ఉంచినంతసేపూ చెల్లెలు పాడుతూనే ఉంటుంది. టీచరమ్మ ఇంకో చరణం విన్నది. తర్వాత చెయ్యి దించి, రుమాలు పెద్దాయన ఒళ్ళో పెట్టింది.

"మీకు వినబడితేనే ఎత్తండి, బాబాయిగారూ. నాకీ పాటలు నోటికొచ్చు. నా చెవుల్ని నమ్మడానికి లేదు."

పిల్ల మళ్ళీ తలెత్తింది. రుమాలు లేదు. ఒక మాట తడబడింది. ఎత్తండి, బెదిరిపోతుందని పెద్దావిడ మోచేత్తో పొడిచింది. వినబడందే ఎలా ఎత్తనని ఆయన బిగదీసుకు కూర్చున్నాడు. పిల్ల గుండెలనిండా గాలి పీల్చుకుంది.

ఆయన రుమాలు రెండు చేతులతో ఎత్తాడు.

అప్పుడు టీచరమ్మకూ వినబడింది. కాస్త గరుకు గొంతు. పడవ తెరచాప కనబడిందనే చోట పిల్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. చెల్లెలు ఆ చరణం ఒక్క ఊపిరిలో పాడేది. టీచరమ్మ ఆ పాత గొంతుకోసం కాసేపు చూసింది. రాలేదు.

పాట అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

"తర్వాతి పాటకీ నేనే పట్టనా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"పట్టండి," అంది.