లస్మాగౌడు మండువల కొత్త చెయ్యి

మంథని రోడ్డు మీద, బొగ్గుబాయి కాలనీని ఆనుకొని లస్మాగౌడు కల్లు మండువ ఉన్నది. లస్మాగౌడు పోయి నలభై ఏండ్లాయె. పేరు మాత్రం పోలే. బాయిలు తవ్వినప్పుడు ఎక్కడెక్కడోళ్లో పనికి వచ్చిండ్రు. ఒకల మాట ఒకలకు తెల్వకపోయేది. లస్మాగౌడు నాలుగు తాటిచెట్ల నడుమ తడకలు కట్టి, అందరిని ఒక్క చాప మీద కూసోబెట్టి పోసిండు. ఆయన ఎనుక కొడుకు పోసిండు. ఇప్పుడు మనుమడు ముత్యం పోస్తుండు.

పోస్తుండు గని చెట్టు ఎక్కుతలేడు. నిరుడు మోకాలు పట్టేసింది. అక్కడి కల్లు గీసే గౌండ్ల సంఘంల ఒక కట్టుబాటున్నది. ఇంట్ల ఎవలూ ఎక్కకపోతే, వచ్చే ఏటికి వాళ్ల చెట్లు పక్కోళ్ల వాటాకు పోతయి. చెట్లు పోతే మండువ ఏడుంటది?

అందుకే బిడ్డ నవత నడుముకు చెట్టెక్కే తాడు, మోకు కట్టింది. "ఆడిపిల్ల చెట్టెక్కుడేందే" అని తల్లి రాజక్క మూడు దినాలు సరిగ తినలే. నాలుగోనాడు తనే పాత ప్యాంటొకటి బిడ్డ నడుముకు సరిచేసి కుట్టిచ్చింది.

ఎక్కుడొక్కటే సాలదు. లస్మాగౌడు పెట్టిన రివాజొకటున్నది. కొత్త చెయ్యి గీసిన తొలినాటి కల్లు అమ్మద్దు. మండువల అందరికన్న పాత గిరాకీకి పొయ్యాలె. ఆయన తాగి, దొన్నె తీరు మలిచిన తాటాకు రేక ఇంకింత పొయ్యమని సాపితే ఆ చెయ్యి నిలిచినట్టు. రేక బోర్లేస్తే ఆ ఏడు ఆ చెయ్యి చెట్టు ముట్టద్దు.

పాత గిరాకీ అంటే పోశం. ముప్పై ఏండ్లు బాయిల దిగిన మనిషి. మొహమాటం ఎరుగడు.

ఆ పొద్దున నవత తొలి కల్లుకుండ, లొట్టి దింపి కాళ్లు కడుక్కోను పోయింది. ముత్యం ముందే ఒక ఉపాయం చేసి పెట్టుకున్నడు. ఇంకో గీతగాడు శ్యాంసుందర్ గౌడు కాడ అడిగి తెచ్చిన లొట్టొకటి కుండలు పెట్టే గడంచె కింద దాచిండు. ఆయనది ఇరవై ఏండ్ల చెయ్యి. బిడ్డ లొట్టి తడక ఎనుక పెట్టి, గా లొట్టి ముందట పెట్టిండు.

పోశం ఎల్లమ్మ పేరున రెండు చుక్కలు నేల మీద సాక పోసిండు. తాగిండు. ఆగిండు.

"ముత్యం, మీ తాతది తాగిన, మీ బాపుది తాగిన. గిది మీ చెట్టు కాదురా. ఒర్రె కాడి శ్యాంసుందర్ చెట్టు. నన్ను గింత గుడ్డోన్ని చేస్తవా?"

చాప మీద అందరు గొల్లున నవ్విండ్రు. పోశం రేక బోర్లేయబోయిండు. అప్పుడే నవత వచ్చింది.

"బాపు, నా లొట్టేది?"

ముత్యం తడక దిక్కు చూసిండు. "భయమైంది బిడ్డా."

"ఎక్కింది నేను. భయం నీకా?"

తనే తడక ఎనుకకు పోయి లొట్టి తెచ్చింది. "తాతా, జర ఆగు. బోర్లేస్తే నాది తాగి బోర్లెయ్యి."

పోసింది. పోశం కండ్లు మూసుకొని తాగిండు. ముత్యం తడక పట్టుకొని నిలవడ్డడు.

"కోత లోతైంది బిడ్డా. వగరొచ్చింది. రేపటిసంది పల్సగ గియ్యి."

నవత లొట్టి పట్టుకొనే ఉన్నది.

పోశం రేక మళ్ల సాపిండు. "పొయ్యి మరి. చూస్తవేంది?"

ఇగ అందరు రేకలు సాపిండ్రు. "నాకు నిండ, నాకు నిండ" అని లొల్లి. రాజక్క పిలువకుండనే ఉడికిచ్చిన గుడాల గిన్నె తెచ్చి నడుమ పెట్టింది. "నీ మొగనికన్న నయమే రాజక్కా నీ బిడ్డ" అని ఎవలో అంటే, "గది నాకెప్పుడో ఎరుకే" అన్నది.

అందరు లేచి పోయినంక లొట్టి అడుగున గుక్కెడు మిగిలింది. ముత్యం దోసిట్ల ఒంపుకొని తాగిండు. వగరు నిజమే. ఇంకో గుక్కెడుంటే బాగుండు అనుకుంటనే లొట్టి కడిగి ఎండకు బోర్లిచ్చిండు.