జవాబు గంట

"శుక్రవారం నేను పోను" అంది సత్తవ్వ. ఆ మాట భర్తతో అనలేదు, కుక్కర్ మూత బిగిస్తూ కుక్కర్‌తో అన్నట్టు అంది.

మంచం మీద కూర్చున్న కొమురెల్లికి వినపడింది. పోయిన వారం కూడా ఆమె ఒక పూట ఎగ్గొట్టింది. రెండో రోజుకే పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకుని కూర్చుంది. వారానికి మూడు రోజులు మధ్యాహ్నం బెల్లంపల్లి నుంచి మంచిర్యాల పోయి, రక్తం శుద్ధి చేసే మెషిన్ పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. పక్క క్వార్టర్ సుల్తాన్ బీ కూడా తన భర్తను అక్కడికే తీసుకపోతుంది, అందరికీ ఒకటే ఆటో. అన్నీ కుదిరాయి. కుదరనిది ఏడింటి సీరియల్ ఒక్కటే.

"నేను చూసి చెప్తలేనా?" అన్నాడు కొమురెల్లి.

"నువ్వు చెప్పేది కతనా? షిఫ్టు రిపోర్టు. కోడలు వచ్చింది, అత్త తిట్టింది, కోడలు పోయింది. ఏమని తిట్టింది, కోడలు ఎట్ల చూసింది, ఒక్క ముక్క చెప్తవా?"

"ఆ అత్త తిట్టుట్ల తప్పేం లేదు గని..."

"సూడు, మల్ల పెద్దమనిషి తీర్పు!"

అతను నవ్వలేదు. ఒకరోజు ఆటో దిగి గుమ్మం పట్టుకుని ఆమె అన్న మాట అతనిలో ఎక్కడో ఇరుక్కుని ఉంది. "ఆడ పండుకున్నంతసేపు ఈడ నేను లేనట్టే గద" అంది. అప్పుడు ఏదో సర్దిచెప్పాడు. తర్వాత ఆలోచిస్తే, ఆమె పోగొట్టుకుంటున్నది ఆ అత్తాకోడళ్లను కాదనిపించింది. వారానికి మూడు సాయంత్రాలు ఆమె లేకుండానే గడిచిపోతున్నాయి. వాటిలో కొంచెమైనా పట్టి దాచిపెట్టాలి. ఆమె వచ్చి చూసుకోవాలి.

కరీంనగర్‌లో ల్యాబ్‌లో పనిచేసే మనవరాలు అమూల్య మొదట ఫోన్‌లో చూడొచ్చంది. "అగ్గిపెట్టెంత దాంట్ల మనుషుల మొఖాలేం కనపడ్తయ్?" అంది సత్తవ్వ. కండ్ల ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు పెద్ద టీవీయే ఆనుతుంది. అందుకే అమూల్య పోయిన ఆదివారం రికార్డింగ్ డబ్బా తెచ్చి టీవీకి తగిలించి, పెన్‌డ్రైవ్ పెట్టి, రిమోట్ మీద ఎర్ర బటన్ చూపించి పోయింది. టైమర్ పెట్టలేదు. కరెంటు పోయి వచ్చిందంటే అది గడియారమే మరిచిపోతుందట. "గా ఒక్క బటన్ నేను నొక్కలేనా?" అన్నాడు కొమురెల్లి.

సోమవారం నొక్కాడు. సత్తవ్వ వచ్చి, ముఖం కడుక్కుని, చాయ్ గ్లాసుతో టీవీ ముందు కూర్చుంది. తెర మీద కోడలు తలుపు తీసింది. అంతే, నలుపు. మూడు సెకన్లు. బుధవారం కూడా మూడే సెకన్లు. శుక్రవారం ఆ కోడలి నిజం పంచాయితీలో బయటపడుతుంది. అందుకే ఆమె ఇప్పుడు కుక్కర్‌తో మాట్లాడుతోంది.

గురువారం తెల్లారగానే కొమురెల్లి డబ్బాను తువ్వాలలో చుట్టి కరీంనగర్ బస్సెక్కాడు.

డబ్బా కొన్న దుకాణం జియావుల్లాది. అమూల్య పర్మిషన్ పెట్టి వచ్చి తాత పక్కన నిలబడింది. జియావుల్లా డబ్బాను అక్కడి టీవీకి తగిలించి, బటన్ నొక్కి, చేతులు కట్టుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత ఆపి చూస్తే రెండు నిమిషాలూ ఉన్నాయి.

"డబ్బా పర్ఫెక్ట్ ఉంది తాతా. పరేషాన్ కాకు. ఇప్పుడు నువ్వు నొక్కు."

కొమురెల్లి నొక్కాడు. మూడు సెకన్లు.

"మల్లొకసారి" అన్నాడు జియావుల్లా. ఈసారి తెరను చూడకుండా ముసలాయన బొటనవేలినే చూశాడు. "తాతా, రెండుసార్లు ఎందుకు కొడుతున్నవ్?"

"ఒక్కసారే గద కొట్టింది."

"రెండు కొట్టినవ్ తాతా" అంది అమూల్య మెల్లగా. "మొదటిదానికి మొదలైతుంది, రెండోదానికి ఆగిపోతుంది."

కొమురెల్లి తన బొటనవేలిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. మళ్లీ నొక్కాడు, ఈసారి నిదానంగా. ఒకటి. కొద్దిగా ఆగి, అతను అడగకుండానే, వేలు మళ్లీ దిగింది.

అప్పుడు అర్థమైంది. ముప్పై ఒక్క ఏండ్లు గనిలో, బొగ్గు నింపిన టబ్బులను ఇనుప రోప్‌తో పైకి లాగే హాలేజి ఇంజన్ నడిపాడు. కింద టబ్బుల దగ్గరి నుంచి గంట వస్తుంది. వచ్చిన గంటను మళ్లీ తిరిగి కొట్టాలి. విన్నాను, సమజైంది అని జవాబు. ఆ జవాబు పోయాకే రోప్ కదలాలి. ఒకే ఒక్కసారి, తొందరలో, జవాబు కొట్టకుండా ఇంజన్ వదిలాడు. కింద బాలమల్లు ఇంకా కొక్కెం తగిలిస్తూనే ఉన్నాడు. వాడి రెండు వేళ్లు పోయాయి. బాలమల్లు ఒక్క మాట అనలేదు. అననందుకే కావచ్చు, ఆ రోజు నుంచి కొమురెల్లి చేయి ఒక్క జవాబు కూడా తప్పలేదు. రిటైరై పదమూడేండ్లయినా చేయి ఇంకా డ్యూటీ దిగలేదని ఈ దుకాణంలో, ఈ ఎర్ర బటన్ మీద తెలిసింది.

ఇదంతా చెప్పలేదు. "గనిల అట్లనే కొడ్తం. జవాబు" అన్నాడు.

"మరి రెండోసారి కొట్టకు తాతా, అంతే గద!"

"కొడుతున్నట్టు నాకే తెల్వది బిడ్డా. తెల్వనిదాన్ని ఎట్ల ఆపుత?"

కొమురెల్లి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేయిని మార్చలేనప్పుడు డబ్బాను మార్చాలి. "ఇంకా ఏమున్నయో అన్నీ తియ్యి. దొరికినంకనే లేస్త" అన్నాడు.

"తాత దుకాణం బంద్ చేపిస్తడు ఇయ్యాల" అని నవ్వుతూ జియావుల్లా నిచ్చెనెక్కాడు.

ఒక డబ్బా బటన్ నొక్కగానే తెరనిండా ఇంగ్లిష్‌లో ఏదో అడిగింది. కొమురెల్లి దాన్ని పక్కన పెట్టించాడు. ఇంకోదాని రిమోట్ మీద బటన్లు చీమల్లా ఉన్నాయి. అదీ పక్కకే. మూడోది పాత మోడల్, అట్టపెట్టె మూలలు నలిగి ఉన్నాయి. దాని రిమోట్ మీద రికార్డు బటన్ వేరు, ఆపే బటన్ వేరు, రెండూ రూపాయి బిళ్లంత పెద్దవి.

కొమురెల్లి నొక్కాడు. డబ్బా 'టింగ్' మంది, దాని నొసట ఎర్ర లైటు వెలిగింది.

"గిదేంది?"

"విన్న అని చెప్తుంది తాతా" అన్నాడు జియావుల్లా. "మల్ల నొక్కినా ఫికర్ లేదు, అది పట్టించుకోదు. ఆపాలంటే పక్క బటనే."

కొమురెల్లి పదిసార్లు నొక్కి, పదిసార్లు ఆపాడు. మొదట్లో ప్రతిసారీ వేలు రెండోసారి దిగింది, డబ్బా ఏమీ అనలేదు. ఏడో సారో ఎనిమిదో సారో 'టింగ్' వినపడగానే వేలు గాలిలోనే ఆగింది. అతను అమూల్య వైపు చూశాడు.

"జవాబు అదే ఇస్తుంది. గిది ఇయ్యి" అన్నాడు.

మర్నాడు సత్తవ్వ డబ్బా చుట్టూ తిరిగి చూసింది. "మల్ల మూడు సెకన్లేనా?"

"నువ్వే నొక్కి చూడు."

నొక్కింది. టింగ్‌మన్నదానికి ఉలిక్కిపడి, వెంటనే ఏమీ కానట్టు కొంగు సర్దుకుంది. ఆపి, రికార్డయినదాన్ని తిప్పి చూసింది. సబ్బు ప్రకటనలో పిల్ల పూర్తిగా స్నానం చేసింది. సత్తవ్వ రిమోట్ అతని చేతిలో పెట్టి, గూట్లోంచి ఆసుపత్రి ఫైలు తీసుకుంది.

"నువ్వు మాత్రం చూడకు" అంది చెప్పులేసుకుంటూ. "నాకంటే ముందు తెలిస్తే నీ మొఖంలనే కనపడ్తది."

"చూడ."

"ఒట్టు?"

"పో, ఆటో ఆగింది. సుల్తాన్ బీ మొత్తుకుంటుంది."

ఏడు కొట్టే ముందే కొమురెల్లి రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు. సీరియల్ పాట మొదలవగానే నొక్కాడు. టింగ్. లైటు వెలిగింది. బొటనవేలు కొద్దిగా లేచింది, నిలబడింది, మోకాలి మీదికి వచ్చి పడుకుంది. డబ్బాను నడవనిచ్చి, అతను టీవీ మాత్రం ఆపేసి నల్లటి తెర ముందు, ఎర్ర లైటును చూస్తూ కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. ఆమె గొంతు వెనుక మెషిన్ చప్పుడు.

"వెలుగుతుందా?"

"వెలుగుతుంది."

"నాది గూడ నడుస్తుంది. ఇంకో గంట" అంది సత్తవ్వ. "చూస్తలేవు గద?"

"లైటునే చూస్తున్న" అన్నాడు కొమురెల్లి.