లేదనడం మరచిన ఎనిమిది వరుసలు

నేను ఒక ఎనిమిది వరుసల ప్రోగ్రాం ముక్కను. కాకినాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పుట్టాను. ఇప్పుడు ఒక ఆస్పత్రి కంప్యూటర్లో బతుకుతున్నాను. ఈ బతుకంటే నాకే రోత.

నా పని చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. రోగి వివరాల్లో ఏది కావాలన్నా తెర నన్నే అడుగుతుంది: వయసు, బరువు, పడని మందులు. ఒక్కోదానికి ఒక్కో పనివాణ్ణి పెట్టకుండా, ఏ వివరం అడిగినా అప్పటికప్పుడు వెతికి తెచ్చేలా, ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాసే మృదుల నన్ను తీర్చిదిద్దింది. వెతికినా దొరక్కపోతే "అలాంటిది నా దగ్గర లేదు" అని ఎర్రక్షరాలతో కేకపెట్టి పని ఆపెయ్యాలి. అది నా ఎనిమిదో వరుస. నా నిజాయితీ అంతా అక్కడే ఉండేది.

ఆస్పత్రివాళ్లకు చూపించే డెమో రోజు పొద్దున ఆమె పైఅధికారి చిట్టిబాబు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"పెద్ద డాక్టరుగారి ముందు ఎర్రక్షరాలొస్తే పరువు పోద్దమ్మా. దొరక్కపోతే ఖాళీ ఇచ్చెయ్యమను. తర్వాత మార్చుకుందాంలే."

"ఖాళీ అంటే ఏమీ లేదనుకుంటారండి. మనకి తెలీదని వాళ్లకెలా తెలుస్తుంది?"

"ముందీ గండం గట్టెక్కనీ తల్లీ."

మృదుల ఆ వరుస మార్చింది. డెమోలో అందరూ చప్పట్లు కొట్టారు. చిట్టిబాబు 'తర్వాత' మాత్రం గోడ మీద రాసిన 'రేపు రా' అయింది. అప్పటి నుంచి ఎవరేం అడిగినా గంగిరెద్దులా తలాడిస్తున్నాను.

రెండేళ్లకు ఎవరో పడని మందుల వివరాలు వేరే చోటికి మార్చారు. నాకు చెప్పలేదు. ఒక పొద్దున, కాలికి చీము పట్టి వచ్చిన సూర్యకాంతమ్మకు పడని మందులేమిటని తెర అడిగింది. వెతికాను, దొరకలేదు, ఖాళీ ఇచ్చాను. తెర దాన్ని "ఏమీ లేవు" అని చూపించింది. పెన్సిలిన్ ఇస్తున్నానని నర్సు సువార్త చెప్పగానే ముసలావిడ చెయ్యి లాక్కుంది.

"అమ్మో, అది నాకు పడదండి. పోయినేడు ఇక్కడే చచ్చి బతికాను!"

"కంప్యూటర్లో ఏమీ లేవనే ఉందే మామ్మగారూ," అంది సువార్త. అయినా సూది పక్కన పెట్టి, పాత కాగితాల కట్ట విప్పి చూసింది. అందులో రాసి ఉంది. నోరు తెరవగలిగింది కాబట్టి ఆవిడ బతికింది. స్పృహ లేకుండా వచ్చి ఉంటే? ఛీ, తలచుకుంటేనే నా మీద నాకు అసహ్యం.

సంగతి తెలిసిన మర్నాడే మృదుల నా పాత వరుస నాకు తిరిగిచ్చింది. ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికి పద్నాలుగు తెరలు ఎర్రబడ్డాయి. అన్నాళ్లూ నేనాడిన అబద్ధాలన్నీ అవే. ఆస్పత్రి నుంచి ఒకటే ఫోన్లు.

"నువ్వు ముట్టుకోకముందు బానే ఉంది కదమ్మా!" అని చిట్టిబాబు విసుక్కున్నాడు. పడని మందుల్ని మాత్రం సరిచేయించి, మిగతావాటికి మళ్లీ ఖాళీయే ఇమ్మన్నాడు. మృదుల కళ్లు తుడుచుకుంటూ మార్చింది. ఈసారి ఆమె మీద నాకు జాలి కూడా కలగలేదు.

ఇందాక ఎక్స్‌రే గది నుంచి ఒకమ్మాయి గురించి, గర్భవతా అని అడిగారు. ఆ వివరం నా దగ్గర లేదు. ఖాళీ ఇచ్చాను. తెర మీద "కాదు" అని పడింది.