పాత యంత్రం అప్పగింత

తెల్లారేసరికి ఇస్త్రీ షాపు షట్టరు లేచేది. అత్తగారు బల్ల ముందు నిలబడి, అరచేతులు ఒకసారి రుద్దుకుని చొక్కా మీద ఆనించేది. ముడతలు పారిపోయేవి. కాలరుకి బొటనవేలు, దుప్పటికి మోచేతుల దాకా. బొగ్గు లేదు, కరెంటు లేదు. పెళ్ళయి వచ్చిన ఏటి నుంచీ ఆవిడ చేతులు అంతే. వీధిలో వాళ్ళ ఫిర్యాదల్లా ఒకటే, ఊడిన బొత్తాలు కుట్టివ్వరని.

కోడలు కౌంటరు చూసేది. కొడుకు బోర్డు మీద తన పేరు చూసుకునేవాడు.

"ఇక నిలబడలేన్రా," అని ఆవిడ ఎప్పుడన్నా, "నీ చేతి వేడి కొనుక్కుంటే వస్తుందా అమ్మా?" అని పొగిడేవాడు. పొగడ్తకి ఖర్చేముంది!

అంతలో ప్రభుత్వం పొగ రాని, కరెంటు ఆదా చేసే ఆవిరి యంత్రాలు సగం ధరకే ఇస్తానంది. షరతు ఒక్కటే, పాత యంత్రం అప్పగించాలి.

"మనకి పాతది ఎక్కడుంది? ఇన్నాళ్ళూ పొగ పెట్టినవాడికి సాయం, పెట్టనివాళ్ళకి మొండిచెయ్యా?" కోడలికి తల తిరిగింది.

మొగుడు దరఖాస్తు నింపేశాడు. పాత యంత్రం: ఒకటి. స్థితి: పనిచేస్తోంది.

"అత్తయ్యని రాశారా!"

"కాగితం మీదే కదే."

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ వెంట వ్యానుంది, ఇద్దరు కూలీలున్నారు. కొడుకు నీళ్ళు నములుతూ తల్లిని చూపించాడు. ఆఫీసరమ్మ ఆవిడ అరచేతిని తాకి, చురుక్కుమని వేలు వెనక్కి తీసుకుని, రాసుకుంది.

"మరమ్మతులేమైనా?"

"ఒకసారి జొరమొచ్చి మధ్యాహ్నం దాకా పడుకున్నానమ్మా," అంది అత్తగారు, తప్పు చేసినట్టు.

కూలీలు ముందుకొచ్చారు. కోడలు అత్త చెయ్యి పట్టుకుంది. కాలింది, వదల్లేదు. "తీసుకెళ్ళి తుక్కు చేస్తారా మేడమ్?"

"తుక్కయినా చెయ్యాలి, శాశ్వతంగా పనైనా మానిపించాలి. షాపులో గానీ ఇంట్లో గానీ మళ్ళీ ఏ పనికి వాడినా కొత్త యంత్రం వెనక్కి, పైన జరిమానా."

అది రూలో, వేళాకోళమో కోడలికి అంతుపట్టలేదు. ఆఫీసరమ్మ మొహం గంజి పెట్టిన కాలరులా ఉంది. కొడుకు కొత్త యంత్రం చేజారుతుందేమోనని గబగబా సంతకం పెట్టాడు. ఆఫీసరమ్మ ముసలావిడ మణికట్టు మీద సీలు వేసి వెళ్ళిపోయింది.

మర్నాడు కొత్త యంత్రం బుసబుసలాడుతుంటే, "అమ్మా, టీ!" అని కేకేశాడు కొడుకు.

"సీలు చూశావా నాయనా?"

వాడు అయోమయంగా పెళ్ళాం వైపు తిరిగాడు.

"నేను యంత్రం నేర్చుకుంటున్నా. మీరు పొయ్యి నేర్చుకోండి," అంది కోడలు.

అత్తగారు బయట మెట్టు మీద కూర్చుంది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. చినుకులు మొదలయ్యాయి. ఒకటి ఆవిడ అరచేతిలో పడింది. ఆవిరి లేవలేదు. చినుకు అక్కడే ఉంది.

"ఏమే కోడలా," అంది ఆవిడ తల తిప్పకుండా, "నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయా?"