కామా దగ్గర తెగిన మాట

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. మాదాపూర్‌లోని ఒక కంపెనీలో ఉద్యోగులందరికీ మెసేజ్‌లు పంపే మాక్రో అనే చిన్న ప్రోగ్రామును సిద్దిపేట అమ్మాయి భవాని రాసింది. బంద్‌కు ముందురోజు దానికి ఈ వాక్యం ఇచ్చింది: "రేపు ఆఫీసు ఉంది, కానీ ఇంటి నుంచే పని చేయండి." మాక్రో కామా దగ్గర వాక్యాన్ని రెండుగా విరిచి, మొదటి ముక్కనే పంపింది.

అది నమ్మి బంద్ రోజు ఆటోలో ఆఫీసుకు బయల్దేరిన ఆంధ్ర ప్రాంతపు సహోద్యోగి దేవిశ్రీకి కొత్తగూడ దగ్గర ఆందోళనకారులు విసిరిన రాయి తగిలి నుదురు చిట్లింది.

"బంద్ మీవాళ్ళదే కదమ్మా. కావాలనే సగం పంపావంటున్నారు," అన్నాడు మేనేజర్ భీమేశ్వరరావు, మర్నాడు ఆఫీసులో.

"నేనెందుకు చేస్త సార్ గట్ల? కామా ఉంటే మొత్తం వాక్యాన్ని కొటేషన్లల్ల పెట్టాలె, లేకుంటే మాక్రో ఆడ్నే తెంపుతది. మర్చిపోయిన," అంటూ భవాని స్క్రీన్ చూపించింది. ఆయన ఒకసారి చూసి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. నుదుట కట్టుతో ఉన్న దేవిశ్రీ మంచం మీద కాస్త జరిగి చోటిచ్చింది.

"కామా వల్లనే అయింది దేవీ."

"నేను నమ్ముతాను. మా అమ్మే నమ్మట్లేదు. ఆవిడ వచ్చేలోగా వెళ్ళిపోవే," అంది దేవిశ్రీ మెల్లగా.

భవాని తెచ్చిన బత్తాయిలు అక్కడే పెట్టి, మెట్లు దిగింది.