మామగారి నీళ్ళ గొట్టం

ఉడికించిన కోడి మాంసాన్ని పల్చగా కోసి, పొట్లాలు కట్టి, చలిగదిలో ఉంచి దుకాణాలకు పంపడం ఆ ఇంటివాళ్ళ వ్యాపారం. కొన్నవాళ్ళు మళ్ళీ వేడి చేయకుండానే తినేస్తారు. వంట అత్తగారిది, కోత కోడలిది, కడగడం మామగారిది. ఆయన ఉన్నచోటికి ఈగైనా కాళ్ళు కడుక్కుని రావలసిందేనని అత్తగారు నవ్వేవారు.

అలాంటిది, పరీక్షకు పంపిన పొట్లంలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఉందని లాబ్ నుంచి కబురొచ్చింది. చలిలోనూ పెరిగే రకం. కడుపుతో ఉన్నవాళ్ళకూ ముసలివాళ్ళకూ మరీ ప్రమాదం. కోడలు ఆ పూటే పని ఆపించి, దుకాణాలన్నిటికీ ఫోన్లు చేసి సరుకంతా వెనక్కి తెప్పించింది. అదృష్టం బాగుండి ఎవరికీ జబ్బు చేయలేదు.

లాబ్ అమ్మాయి వచ్చి మూలమూలా దూదిపుల్లలతో తుడిచి తీసుకెళ్ళింది. ఆ జీవి నేలలోని మురుగు తూములో ఉందని తేలింది. మరి తూములోది కోత బల్ల మీదికి ఎలా ఎక్కింది? కోడలికి అంతుబట్టలేదు.

పని ఆగినా మామగారి కడుగుడు ఆగలేదు. మర్నాడు ఆయన గొట్టం పట్టుకుని తూములోకి నీళ్ళు జోరుగా కొడుతుంటే, కిటికీలోంచి పడే ఎండలో సన్నని తుంపర లేచి కోత మిషను మీద వాలడం కోడలి కంటపడింది. రోజూ తను ఒకపక్క మాంసం కోస్తుంటేనే ఆయన మరోపక్క కడిగేవారు.

ఆయనకు ఎలా చెప్పాలా అని ఆలోచించింది. చివరికి ఆయన్ని పక్కన నిలబెట్టి, గొట్టం తనే తూములోకి తిప్పింది.

"మామయ్యగారూ, ఆ ఎండలోకి ఒకసారి చూడండి."

ఆయన చూశారు. ముఖం వాడిపోయింది. భోజనానికీ రాలేదు. అత్తగారే కంచం పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నారు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను తడుపుతూనే ఉన్నారు. నేను బాగానే ఉన్నాగా, తినండి."

ఆయనకు నవ్వు ఆగలేదు. "కంచే చేను మేసిందన్నమాట," అంటూ కంచం అందుకున్నారు.

తిన్న వెంటనే మిషను విప్పి, ప్రతి భాగాన్నీ మందునీళ్ళతో కడిగారు. తూమునూ మందునీళ్ళతో రుద్ది, దానికి విడిగా ఒక బ్రష్షు పెట్టి, గదిలో మాంసం ఉండగా తూము జోలికి పోనని తనంతట తనే మాటిచ్చారు. జోరు గొట్టం బయట వ్యాను కడగడానికి వెళ్ళిపోయింది.

లాబ్ అమ్మాయి మళ్ళీ మళ్ళీ వచ్చి వెతికినా ఏమీ దొరకలేదు. దుకాణాలు సరుకు అడిగాయి. పని మొదలైన ఉదయం మామగారు గుమ్మంలో నిలబడి, కోడలు చేతులు కడుక్కున్న తీరు చూసి, ఇంకోసారి కడుక్కోమన్నారు. ఆమె నవ్వుకుంటూ మళ్ళీ సబ్బు అందుకుంది.