టైరు పొగ కూజాలు

కుండలు చేసే అక్కకు నచ్చిన బట్టీ ఈ భూమ్మీద లేదు. గుంటలో గడ్డీ కంపా పేర్చి కాల్చిన రోజుల్లో ఒక్క వాన పడితే సగం కుండలు పెంకులయ్యేవి. కట్టెల బట్టీ కళ్ళు పొడుచుకు తినేది. తమ్ముడు మోజుపడి తెచ్చిన కరెంటు బట్టీలో పొగ లేదు, మసి లేదు. అందులోంచి వచ్చిన కూజాలు మాత్రం జ్వరంపడి లేచిన మనుషుల్లా పాలిపోయి ఉండేవి. వాటివైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. జనానికి నల్ల కూజాలే కావాలి మరి.

బట్టీ ఎర్రగా కాగినప్పుడు రంపపు పొట్టు గుమ్మరించి, కన్నాలన్నీ బురదతో మెత్తేస్తే, బయటికి దారిలేని పొగ మట్టిలోకి దిగి నలుపెక్కుతుంది. ఆ ఒక్క పద్ధతినే అక్క కాస్త మెచ్చుకునేది. మోకాళ్ళు మొరాయించి ఆమె కుమ్మరి సారెకే పరిమితమయ్యాక, దానికీ తెగులు పట్టింది. పొట్టు దండగని తమ్ముడు పాత టైరు ముక్కలూ, తెగిన చెప్పులూ వేయడం మొదలుపెట్టాడు. కూజాలు నిగనిగలాడాయి. కంపు భరించలేక అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఎవడో తొడిగి పారేసిన చెప్పుల పొగరా అది. అందులో నీళ్ళెలా తాగుతారు?”

“నానబెడితే పోతుందక్కా. నీకు ప్రతిదీ కంపే.”

నానబెట్టినా పోలేదు. చిత్రంగా, ఇంట్లో తాగే కూజాకు మాత్రం ఆ వాసనే లేదు. అక్క మరదల్ని అడిగింది.

“అది పొట్టుతో కాల్చింది వదినా. మనకి విడిగా కాల్చమన్నాను. పిల్లలు తాగే నీళ్ళు కదా.”

ఏదో పుణ్యం చేసినట్టు చెప్పింది. మంచిది మనకి, కంపు మందికి. ఇన్నాళ్ళూ తనూ ఆ నీళ్ళే తాగిందని తలుచుకుంటే అక్కకు తనమీద తనకే అసహ్యం పుట్టింది.

మర్నాడు చంటిపిల్లను చంకనేసుకుని ఒకావిడ అంగడికి వచ్చింది. నీళ్ళ రుచి చూడాలంది. తమ్ముడు కళ్ళార్పకుండా లోపలికెళ్ళి ఇంటి కూజాలో నీళ్ళే తెచ్చిచ్చాడు. ఆవిడ తాగి, అక్కవైపు తిరిగింది.

“మీ మాట మీద నమ్మకంతోనే వచ్చానక్కా. మీ ఇంట్లోనూ ఇవే కూజాలా?”

తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. కాదంటే ఊరంతా పొక్కుతుంది, అంగడి మూతబడుతుంది, ఇంటిల్లిపాదీ పస్తులే. చేతులారా పెంచిన తమ్ముడు. ఒక్క గుక్క మింగేసి ‘ఇవే’ అంటే గొడవ వదిలిపోతుందనుకుంది అక్క. అమ్మకానికి నానబెట్టిన కూజా ఒకటి వంచి, గ్లాసు నింపి, నోట్లో పోసుకుంది.

గొంతు దిగలేదు. కాలిన రబ్బరు నాలుకంతా పులుముకుంది. ఎంత బిగబట్టినా లాభం లేక, గుమ్మంలోనే భళ్ళున కక్కేసింది.

ఆవిడ పిల్లను గుండెకు అదుముకుని వెనక్కి జరిగింది. అక్క కొంగుతో మూతి తుడుచుకుని, మిగిలిన నీళ్ళు తమ్ముడికి అందించింది.

“నువ్వు మింగరా. నీకు దిగితే నేనే అమ్మిపెడతా.”

తమ్ముడు చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.